కోడలి గుండె డైరీ

సంచి గుమ్మం దాకా వెళ్ళింది గానీ మనిషి ఇంకా హాల్లోనే ఉంది.

"అమ్మా, చెప్పులు విప్పు," అన్నాడు కొడుకు.

"మూడింటికి బస్సు."

"బస్సు సంగతి నేనడిగానా? చెప్పులు విప్పమన్నాను."

ప్రూఫులమ్మ విప్పలేదు. ఒక చెప్పు కాలికి, రెండోది చేతిలో. కుర్చీ అంచున అలాగే కూర్చుంది. అచ్చాఫీసులో ముప్పై ఒక్కేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి ఆమె. అక్కడివాళ్ళు పెట్టిన పేరు ఇంటిదాకా వెంటబడి వచ్చి, అసలు పేరును అందరికీ మరిపించేసింది. పాల ప్యాకెట్టు మీది అక్షరాలైనా సరే, చదవకుండా వదలదు. తప్పు కనబడితే గోటితోనైనా గీత పెట్టకుండా ఉండలేదు.

ఆ అలవాటే ఇవాళ కొంప ముంచింది.

కోడలికి నిన్న పొద్దున పదింటికి ఆస్పత్రిలో గుండె మెషీన్ తగిలించారు. ఛాతీ మీద ఐదు బిళ్ళలు, వాటినుంచి ఐదు వైర్లు, నడుముకు అగ్గిపెట్టెకు పెద్దన్నలాంటి పెట్టె. నలభై ఎనిమిది గంటలూ గుండె చప్పుడంతా అది రాసుకుంటుంది. దడ వచ్చినప్పుడల్లా ఈవిడ పెట్టె మీది బటన్ నొక్కాలి. టైమూ, అప్పుడేం జరుగుతోందో ఒక చిన్న డైరీలో రాయాలి. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. డైరీలో మాత్రం మొహమాటాలు వద్దు," అని పరీక్షల గదిలో అమ్మాయి మరీ మరీ చెప్పి పంపింది.

ఆ డైరీ ఇవాళ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద తెరిచి ఉంది. కోడలు నడకకు వెళ్ళింది. ప్రూఫులమ్మ బల్ల తుడవడానికి వచ్చింది. తుడవడానికే వచ్చింది, ఒట్టు.

గురువారం, పన్నెండూ పది. బట్టలు ఆరేస్తుండగా ఫోన్ మోగింది.

గురువారం, నాలుగూ ముప్పై ఐదు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడ్డరు.

'నిలబడ్డరు' కాదు, 'నిలబడ్డారు'. పక్కనే ఉన్న పెన్సిల్ తీసి దీర్ఘం పెట్టింది. పెట్టాకే, తను దిద్దుతున్నది ఎవరి గురించో తలకెక్కింది.

గురువారం రాత్రి, ఎనిమిదీ ఇరవై. అత్తయ్య కంచం పెట్టి వెళ్ళారు.

శుక్రవారం, ఏడూ ఐదు. అత్తయ్య.

అంతే. ఒక్క మాట. దాని పక్కన చుక్క కూడా పెట్టింది, ఇంక చెప్పడానికేమీ లేదన్నట్టు.

నాలుగు దడల్లో మూడు తనవే. ప్రూఫులమ్మ డైరీ మూసి, బల్ల తుడిచి, లోపలికి వెళ్ళి, నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కింది. చెల్లెలి ఊరు బస్సులో రెండు గంటలు. కోడలు నడకనుంచి వచ్చేలోగా మెట్లు దిగిపోతే గొడవే ఉండదనుకుంది. మధ్యాహ్నం సెలవు పెట్టుకుని కొడుకు ముందే ఊడిపడతాడని అనుకోలేదు.

"ఆ డైరీ దాని సొంతం. ఎందుకు చదివావు?" అన్నాడు కొడుకు.

"చదివాను. తప్పే. శిక్ష కూడా నేనే వేసుకుంటున్నాను. పక్కకు జరుగు."

"నిన్ను చూస్తే దానికి దడ వస్తోందని డాక్టరు చెప్పాడా?"

"డాక్టరు చెప్పక్కర్లేదురా. దాని చేతిరాత చెప్పింది."

కొడుకు లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎన్నో మేడల్లో జనాన్ని పైకీ కిందికీ నడిపిస్తాడు. ఉండేది మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తు. ఏ తీగ ఎక్కడ తెగిందో చెవి పెట్టి చెప్పేస్తాడని పేరు. ఇంట్లో తెగినవాటి దగ్గరే చెవులు పనిచెయ్యవు.

"మూడు వారాలయింది నువ్వు సరిగ్గా నోరు తెరిచి. ఇవాళ తెరిచి, ఈ మాటా అనేది?" అన్నాడు.

"నోరు ఎవరు కట్టుకోమన్నారు నన్ను?"

అతను ఎక్కాల్సిన అంతస్తుకూ దిగాల్సిన అంతస్తుకూ మధ్యలో ఆగిపోయినట్టు నిలబడిపోయాడు.

మూడు వారాల క్రితం కోడలు ఆఫీసులో కుర్చీలోంచి జారి పడిపోయినప్పుడు, ఆస్పత్రి వరండాలో తల్లిని పక్కకు పిలిచి అతనే అన్నాడు. "రక్తనాళాల్లో అడ్డేమీ లేదంటమ్మా. గుండె కండరం ఒకవైపు డీలా పడిందంట. బాగా ఒత్తిడి, భయం, దుఃఖం లాంటివాటికి కూడా ఇలా అవుతుందంట. తేల్చి చెప్పాల్సింది పెద్ద డాక్టరే, ఆయన వచ్చే నెల పంతొమ్మిదో తారీఖు దాకా దొరకడు. అందాకా నువ్వు కాస్త... తెలుసుగా. ప్రతిదానికీ అనకుండా."

తెలుసుగా అన్నాడు. ఆమెకు తెలిసింది. ఆ రోజునుంచీ గ్యాసు కట్టేశావా అని అడగలేదు, తలుపు గొళ్ళెం పెట్టావా అని అడగలేదు, కోడలు 'కరెంటు' అంటే 'విద్యుత్తు' అనలేదు. ఏదైనా కావాలంటే వచ్చి నిలబడేది. కోడలు చూస్తే, అవసరమైంది తీసుకుని వెళ్ళిపోయేది. నాలుక కొసన మాట పుట్టి, అక్కడే ఆరిపోయేది. రాత్రి పడుకుంటే దవడలు నొప్పెట్టేవి. కోడలి గుండెకోసం అనుకుని ఓర్చుకుంది. ఓర్చుకున్నందుకు వచ్చిన ఫలితం డైరీలో, చుక్కతో సహా.

"నేనన్నది... కొంచెం తగ్గించమని," అన్నాడు కొడుకు నెమ్మదిగా.

"తగ్గించాను. పూర్తిగా తగ్గించాను. అయినా చాల్లేదు. మాట పోయినా మనిషి మిగిలింది కదా. ఆ మనిషే అడ్డం. నేను పని మీద వెళ్ళానని చెప్పు దానికి. చెల్లెలికి ఒంట్లో బాగోలేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

కింద మెట్ల తలుపు చప్పుడయింది.

ఇద్దరూ నోళ్ళు మూశారు. కోడలు మెట్లెక్కే తీరు ఇప్పుడు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఎనిమిది మెట్లు, ఆగడం. మళ్ళీ ఎనిమిది. ప్రతి అంతస్తులో గోడవారన ఒక్క నిమిషం కూర్చోవడం. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. మొదటి అంతస్తు అయింది. రెండో అంతస్తు దగ్గర ఎప్పటికంటే ఎక్కువసేపు నిశ్శబ్దం.

"వెళ్ళి చూడు," అంది ప్రూఫులమ్మ.

"చూస్తే కోప్పడుతుంది. రోగిష్టిదాన్ని చేస్తున్నారంటుంది."

మెట్లు మళ్ళీ మొదలయ్యాయి. కొడుకు సంచివైపు చెయ్యి చాపాడు, దాచేద్దామని. ప్రూఫులమ్మ కూడా చాపింది, పట్టుకుని వెళ్ళిపోదామని. సంచి ఇద్దరి చేతుల్లోనూ ఉండగా కోడలు గుమ్మంలో నిలబడింది.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. మూడు వారాల్లో మొహం పీక్కుపోయి కళ్ళు పెద్దవయ్యాయి. అంబులెన్సుల కాల్ సెంటర్లో పదకొండేళ్ళుగా ఫోన్లు ఎత్తుతోంది. గుండెపోటు, పురిటినొప్పి, మంటలు, బస్సుకింద పడ్డవాళ్ళు, ఎవరు ఎంత అరిచినా ఆమె గొంతు ఒక్కటే శ్రుతిలో ఉంటుందని ఆఫీసులో చెప్పుకునేవారు. ఇప్పుడు ఆఫీసువాళ్ళ ఫారంలో 'జబ్బు పేరు' అన్న గడి ఖాళీగా ఉంది. ఆ గడి నిండితే తప్ప ఫోన్లు లేని సీటుకు మార్చరు. సోమవారంతో సెలవు అయిపోతుంది. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా," అని ఇన్‌చార్జి రెండుసార్లు ఫోన్ చేసి మరీ అన్నాడు.

కోడలు సంచిని చూసింది. అత్తగారి ఒంటి చెప్పును చూసింది. ఆమె చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి వెళ్ళింది. టిక్కుమని బటన్ నొక్కిన శబ్దం హాలంతా వినిపించింది.

"చూశావా!" అంది ప్రూఫులమ్మ. "నా సంచి చూసినా దడే. రాయమ్మా, రాయి. రెండూ ఇరవై. మళ్ళీ నా పేరే రాయి. ఈసారి దీర్ఘం మర్చిపోకు."

"అమ్మా!" అని అరిచాడు కొడుకు.

"మీరరవకండి," అంది కోడలు భర్తతో. గోడ పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నాలుగు పీల్చి ఆరు వదిలింది. డైరీ తెరిచింది. పెన్సిల్‌తో దిద్దిన దీర్ఘం ఆమె కంట పడింది. దానికేసి చాలాసేపు చూసి, కింద ఒక వాక్యం రాసి, డైరీని అత్తగారివైపు తోసింది.

ప్రూఫులమ్మ చదవదల్చుకోలేదు. కళ్ళు వాటి అలవాటుకొద్దీ చదివేశాయి.

శుక్రవారం, రెండూ ఇరవై. అత్తయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నారు.

"ఇదీ దడే," అంది కోడలు. "దీనికేమంటారు?"

ప్రూఫులమ్మ చేతిలోని చెప్పు నేలమీద పెట్టింది.

"మిగతా మూడూ?" అంది చివరికి. "అవి కూడా నేను వెళ్ళిపోతాననేనా? కంచం పెడితే దడెందుకు? తలుపు దగ్గర నిలబడితే దడెందుకు? ఏమీ అనలేదే నేను. ఒక్క మాట కూడా అనలేదు."

"అందుకే."

"ఏమిటీ?"

"అనలేదు కాబట్టే, అత్తయ్యా. మీరొచ్చి నిలబడతారు. నేను వెనక్కి తిరిగితే మీ మొహం ఉంటుంది, గొంతుండదు. ఆ ఒక్క క్షణంలో నా గుండె..." ఆమె అరచేత్తో గాలిలో ఏదో జారవిడిచినట్టు చూపించింది. "మీకెలా చెప్పాలి? ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఈయనకు కూడా."

కొడుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను పడిపోవడానికి రెండ్రోజుల ముందు ఒక కాల్ వచ్చింది," అంది కోడలు. "మధ్యాహ్నం. ఎవరో పెద్దావిడ. ఆయాసంగా ఉందంది. ఆ గొంతు వినగానే నేను హెడ్‌ఫోన్ సర్దుకుని మళ్ళీ విన్నాను. అచ్చం మీ గొంతే, అత్తయ్యా. మాట తీరు కూడా మీదే. 'కంగారు పడకండమ్మా' అన్నాను. 'కంగారు పడుతోంది నువ్వు, నేను కాదు' అంది. మీరే అనుకున్నాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నారు కదా, మీకే ఏదో అయిందనుకున్నాను. స్క్రీన్ మీద నెంబరు మీది కాదు. అయినా నమ్మకం కుదరదే."

"అడ్రస్ అడిగావా?" అంది ప్రూఫులమ్మ.

"మొదట అడిగేదే అది. సెల్ ఫోన్ కదా, వీధి దాకా తెలిసింది, ఇల్లు తెలియలేదు. నాలుగు నిమిషాలు బతిమాలితే చెప్పింది. బండి పంపాను. బండి చేరడానికి ఇంకో ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ లైను తెరిచే ఉంది. ఆవిడ మాట్లాడలేదు. 'అమ్మా, వింటున్నారా? అమ్మా, నా మాట వినిపిస్తే ఏదైనా తట్టండి' అని అంటూనే ఉన్నాను. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. మనిషి మాత్రం లేదు. బండివాళ్ళు తలుపు పగలగొట్టి వెళ్ళేసరికే అయిపోయింది."



"ఆ సాయంత్రం బస్సు దిగి పరుగెత్తుకుంటూ మెట్లెక్కాను. మీరు తలుపు తీసి, 'ఎవరో తరుముతున్నట్టు ఆ రావడమేమిటి?' అని తిట్టారు. ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? రెండ్రోజుల తర్వాత పడిపోయాను. ఆస్పత్రినుంచి వచ్చేసరికి ఇంట్లో మీ గొంతు లేదు. కంచం పెడతారు, వెళ్ళిపోతారు. తలుపు దగ్గర నిలబడతారు, వెళ్ళిపోతారు. మళ్ళీ ఆ లైనే తెరిచి పెట్టినట్టుంది నాకు. ఏం తప్పు చేశానో, ఎందుకు మాట్లాడటం మానేశారో అడుగుదామంటే భయం."

"నోరు కట్టుకోమంది ఎవరో మీ ఆయన్ని అడుగు," అంది ప్రూఫులమ్మ. కొడుకుని ఇరికించాలని కాదు. ఇంక దాచుకునే ఓపిక లేక.

కోడలు భర్తవైపు తిరిగింది. "మీరా?"

"నీ మంచికే..."

"నా మంచి! నన్నొక్క మాట అడిగారా? ఆఫీసులో అడక్కుండా నిర్ణయిస్తారు, ఆస్పత్రిలో అడక్కుండా తేదీలు మారుస్తారు, ఇంట్లో కూడానా? మూడు వారాలు, ఏవండీ! మూడు వారాలు అత్తయ్య తన మాటలు మింగుతూ కూర్చున్నారు, నేను దడలు మింగుతూ కూర్చున్నాను. మీరు మధ్యలో కూర్చుని ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నారు!"

"గట్టిగా మాట్లాడకు, ఆ పెట్టె..."

"రాసుకోనివ్వండి! నిజమే కదా రాసుకునేది!"

కొడుకు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆరేసిన బట్టల మధ్య అతని వీపు మాత్రం కనిపిస్తోంది. కోడలు మళ్ళీ నాలుగు పీల్చింది, ఆరు వదిలింది. ఈసారి బటన్ నొక్కలేదు. కోపానికి ఆమె గుండె ఎప్పుడూ బెదరలేదు.

"నీకు నా వాగుడు విసుగు కాదూ?" అంది ప్రూఫులమ్మ.

"విసుగే. ఎందుకు అబద్ధమాడాలి? పెళ్ళైన కొత్తలో నేను రాసిన ఉత్తరాలు కూడా దిద్దారు మీరు. చాలాసార్లు ఒళ్ళు మండింది. అయినా ఒళ్ళు మండిందే గానీ, గుండె జారలేదు. ఒట్టేసి చెప్పండి అత్తయ్యా. ఇంకెప్పుడూ నా మంచికని నా దగ్గర మాట దాచనని చెప్పండి. తిట్టండి, దిద్దండి, ఏమైనా అనండి."

ప్రూఫులమ్మ ఒట్టెయ్యలేదు. ఒట్లు వేసే మనిషి కాదు. వంగి రెండో కాలి చెప్పు విప్పింది.

"గ్యాసు కట్టేశావా నడకకు వెళ్ళేముందు?" అంది.

కోడలు మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో భుజాలను బట్టి చెప్పడం కష్టం.

సంచి లోపలికి వెళ్ళింది. కోడలు పక్కగదిలో రెండు దిండ్లు వీపుకానించి నడుం వాల్చింది. వెల్లకిలా పడుకుంటే ఈమధ్య ఊపిరాడదు. ప్రూఫులమ్మ టీ కాచి పట్టుకెళ్ళి, కప్పు చేతికిస్తూ నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడింది. పాలవాడి గురించి, పై ఇంటి కుళాయి గురించి. మూడు వారాల బాకీ ఒక్కపూటలో తీరేది కాదు గానీ దవడలు మాత్రం తేలికపడ్డాయి.

ఐదింటికి తలుపు తట్టిన చప్పుడయింది. కొడుకే తీశాడు. కొరియర్ మనిషి సంతకం పెట్టించుకుని ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు.

"ఎవరండీ?" లోపలినుంచి కోడలు.

కొడుకు కవరు మీది ముద్ర చూశాడు. "ఎవరో. అడ్రస్ తప్పి వచ్చారు," అన్నాడు.

వంటింట్లోకి వచ్చి, గ్యాసు పొయ్యి పక్కన నిలబడి కవరు చింపాడు. చదివాడు. కాగితాన్ని తల్లి చేతిలో పెట్టాడు.

ప్రూఫులమ్మ జీవితంలో మొదటిసారి తప్పులు వెతక్కుండా ఒక కాగితం చదివింది.

"పంతొమ్మిదేనా?" అంది.

"పంతొమ్మిదే. పదిన్నరకు. డాక్టరు దగ్గర మన వంతు పదకొండింటికి. అది తప్పితే మళ్ళీ రెండున్నర నెలల దాకా ఆయన దొరకడు." కొడుకు గొంతు తగ్గించాడు. "అమ్మా, దానికి చెప్పొద్దు. రేపు పదింటికి ఆ పెట్టె విప్పుతారు. అందాకా చెప్పొద్దు. అసలు పంతొమ్మిది దాటేదాకా చెప్పొద్దు. నేనే ఆఫీసుకు వెళ్ళి ఆ ఇన్‌చార్జితో మాట్లాడతాను. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే విచారణ వాయిదా వేస్తారు. ఒక్క పదిహేను రోజులు. నీకు దండం పెడతాను."

"మాట దాచొద్దని ఇప్పుడేగా అది అడిగింది నన్ను."

"ఈ ఉత్తరం చదివితే అది పడిపోతుందమ్మా! పడిపోతే ఎవరిది బాధ్యత?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ప్రూఫులమ్మ కాగితాన్ని మడిచింది. మళ్ళీ విప్పింది. కొడుకు మొహంలో దాపరికం లేదు, కుట్ర లేదు, వట్టి భయం. ఈ భయంతోనే మూడు వారాల క్రితం వరండాలో మాట్లాడాడు. ఆ మాట తనూ విన్నది. విని ఏం చేసింది?

"అత్తయ్యా, ఏమిటి గుసగుసలు?" అని మళ్ళీ పిలిచింది కోడలు.

"వస్తున్నా," అంది ప్రూఫులమ్మ. కొడుకు పట్టుకున్న మోచేతిని నెమ్మదిగా విడిపించుకుని గదిలోకి వెళ్ళింది. మంచం అంచున, కోడలి మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"అడ్రస్ తప్పలేదు. నీకే వచ్చింది. ఆఫీసునుంచి. బాగాలేని ఉత్తరం. వాడు దాచమన్నాడు. నేను చదువుతాను. మధ్యలో ఆపమంటే ఆపుతాను."

కోడలు దిండ్లు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఒక చెయ్యి పెట్టె మీద పెట్టుకుంది. "చదవండి."

అచ్చాఫీసులో ఎదురుగా కూర్చున్నవాళ్ళకు వినిపించేటట్టు కామాలతో, చుక్కలతో సహా చదివేది ప్రూఫులమ్మ. అలాగే చదివింది. "తమరు విధుల్లో ఉండగా స్వీకరించిన కాల్ విషయంలో, కామా, అంబులెన్సు పంపుటలో నాలుగు నిమిషాల జాప్యం జరిగినదని మృతురాలి కుమార్తె ఫిర్యాదు చేసియున్నారు, చుక్క. ఈ నెల పంతొమ్మిదో తేదీ ఉదయం పదిన్నర గంటలకు విచారణ జరుగును, చుక్క. ఫిర్యాదుదారు సమక్షంలో కాల్ రికార్డింగు వినిపించబడును, చుక్క. తమరు హాజరు కానిచో, కామా, తమకు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును, చుక్క."

కొడుకు చింపిన కవరుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని కళ్ళు పెళ్ళాం చేతిమీదే ఉన్నాయి. ఆ చెయ్యి బటన్ మీద ఉంది. నొక్కలేదు.

"పంతొమ్మిది," అంది కోడలు. "సరే. ఆఫీసుకే వెళ్తాను."

"పిచ్చా నీకు?" కొడుకు లోపలికి వచ్చేశాడు. "ఆ డాక్టరుకోసం మూడు వారాలు గోడకు క్యాలెండర్ పెట్టుకుని చూస్తున్నాం. ఆయన పేరు పెడితే తప్ప నీ జబ్బుకు పేరు లేదు, పేరు లేకపోతే నీకు సీటు మారదు. రికార్డింగు వింటారుగా? నీ తప్పుంటే కదా నువ్వు వెళ్ళాలి? తప్పు లేదని అదే చెబుతుంది!"

"చెబుతుంది. అందుకే వెళ్తున్నాను. ఆ రికార్డింగు పెట్టొద్దని అడగడానికి."

ఆ మాట ఇద్దరికీ అర్థం కాలేదు.

కోడలు కొంచెంసేపు ఊపిరి లెక్కపెట్టుకుంది. "ఆ నాలుగు నిమిషాలూ ఎందుకు పట్టిందో తెలుసా?" అంది. "ఆవిడకు అడ్రస్ తెలియక కాదు. చెప్పనంది. 'బండి వద్దమ్మా, ఊరికే నాతో మాట్లాడుతూ ఉండు, తగ్గిపోతుంది' అంది. ఎందుకు వద్దని అడిగాను. 'బండి వస్తే వీధంతా చూస్తుంది. మా అమ్మాయికి ఫోన్ కొడతారు. దానికి ఇవాళ ఆఫీసులో చాలా ముఖ్యమైన రోజు. పొద్దున్నే చెప్పింది, ఇవాళ ఒక్కరోజు నన్ను ఫోన్లతో చంపకమ్మా అని. దాన్ని కదిలించకు' అంది. నాలుగు నిమిషాలు ఇదే. చివరికి నేను ఏడుస్తున్నట్టు వినబడిందేమో, నామీద జాలిపడి అడ్రస్ చెప్పింది. ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట ఏమిటో తెలుసా? 'మా అమ్మాయికి చెప్పకు'."

బాల్కనీలో బట్టలు గాలికి టపటపా కొట్టుకున్నాయి.

"అది రికార్డింగులో ఉంది. ఒక్కొక్క మాటా ఉంది. ఆ కూతురు నన్ను దోషి అనుకుంటోంది కాబట్టి కాళ్ళమీద నిలబడి ఉంది. పంతొమ్మిదో తారీఖున, నలుగురి ముందు, తన మాటనే తల్లి నోటివెంట వింటుంది. నేను నిర్దోషినవుతాను. ఆ కూతురేమవుతుంది?"

కొడుకు చేతిలో నలిగిన కవరు ముక్కలై నేలమీద పడింది.

"విననివ్వు," అంది ప్రూఫులమ్మ.

"అత్తయ్యా!"

"విననివ్వమ్మా. వాళ్ళమ్మ ఆఖరి మాటలవి. అవి ఆ పిల్లవి. నీవి కావు. దాని మంచికని నువ్వు దాస్తే, వీడు నా నోరు కట్టించిన దానికీ దానికీ ఏమిటి తేడా? ఆ నాలుగు నిమిషాలూ నువ్వొక్కదానివే మోసుకు తిరుగుతున్నావు. అందుకే కదా నీ గుండె ఇలా అయింది."

"విని ఎలా బతుకుతుంది?"

ప్రూఫులమ్మ ఉత్తరాన్ని మడతల వెంట మడిచింది. ఎన్ని వేల పేజీలు చదివినా ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు.

కోడలు ముందుకు వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. కోడలి వేళ్ళు చల్లగా ఉన్నాయి. మణికట్టు దగ్గర నాడి పక్షిపిల్లలా కొట్టుకుంటోంది.

"ఒక్కటి చెప్పండి. నిజం చెప్పండి, నా ఆరోగ్యం చూసుకుని కాదు. ఆ మంచం మీద మీరు ఉండి, ఫోన్లో నాలాంటిది ఎవరో ఉంటే... ఆ మాటలు మీ అబ్బాయి వినాలని కోరుకుంటారా?"

ప్రూఫులమ్మ కొడుకువైపు చూసింది.

కొడుకు ఆమెవైపు చూడలేదు. మోకాళ్ళమీద కూర్చుని, నేలమీద పడిన కవరు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.